మొదటి సగంలో పడ్డ గోల్స్

చెకింగ్‌కి అనుమానం ఉద్యోగం వల్ల వచ్చిందా, అనుమానం ఉండబట్టి ఆ ఉద్యోగం వచ్చిందా అన్నది అతని భార్యకి ఇప్పటికీ తేలలేదు. సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేస్తాడు. ఎక్కగానే మొహాలు చూసి టికెట్ లేనివాడెవడో చెప్పేస్తాడు. కంగారుగా జేబులు తడుముకునేవాడు దొంగ కాదట, ఎన్నడూ చూడనట్టు కిటికీలోంచి మబ్బుల్ని చూసేవాడే దొంగట. ఆ తెలివి డ్యూటీ దిగేటప్పుడు డిపోలో వదిలేసి వస్తే ఎవరికీ బాధ ఉండేది కాదు. ఇంటికి మోసుకొచ్చేవాడు. తెచ్చిన కూరగాయలు మళ్ళీ తూచేవాడు. ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోతే తిరిగి చేసి మరీ నిలదీసేవాడు. కూతురు నవ్వితే ఎందుకు నవ్వావనేవాడు, నవ్వకపోతే ఏం దాస్తున్నావనేవాడు.

"పెళ్ళికి ఒప్పుకున్న రోజైనా నా మీద అనుమానం రాలేదా మీకు?" అని భార్య ఒకసారి అడిగింది.

"వచ్చింది. మీవాళ్ళు అంత తొందరగా సరే అన్నారేమిటా అని" అన్నాడు.

అలాంటి మనిషి లోకంలో ఒకే ఒక్కణ్ణి అనుమానించేవాడు కాదు. ఆ ఒక్కడు లాండ్రీ. చిన్నప్పటి స్నేహితుడు, ఇప్పుడు నాలుగు వీధుల అవతల ఇస్త్రీ షాపు నడుపుతున్నాడు. ఊరెళ్తే ఇంటి తాళాలు అతని దగ్గరే పెట్టి వెళ్ళేవాడు చెకింగ్. బావమరిదికి కూడా ఇవ్వని తాళాలు.

దానికి కారణం ఉంది. ఇద్దరూ మీసాలు కూడా రాని వయసులో వీడియో గేమ్ పార్లర్‌కి పోయేవాళ్ళు. అక్కడ ఫుట్‌బాల్ ఆటలో గెలిచినవాడు కుర్చీలోనే ఉంటాడు, ఓడినవాడు లేచి వరస చివరికి పోతాడు. ఒకరోజు చెకింగ్ మీద ఆడుతుండగా కరెంటు మినుకుమని, బొమ్మ బిగుసుకుపోయి, బంతి ఎక్కడో ఉండగానే లాండ్రీకి గోల్ పడినట్టు చూపించింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఈలలు వేశారు. లాండ్రీ మాత్రం, "అది గోల్ కాదు, మళ్ళీ ఆడదాం" అన్నాడు. మళ్ళీ ఆడి ఓడిపోయి, లేచి వెళ్ళి వరస చివర నిలబడ్డాడు. పిచ్చి వెధవ అని అందరూ నవ్వారు. చెకింగ్‌కి నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి మనుషులందరూ ఒక లెక్క, లాండ్రీ ఒక లెక్క.

ఆ పార్లర్ మూతపడినప్పుడు పాత యంత్రాన్నీ క్యాసెట్టునీ లాండ్రీ ఎలాగో సంపాదించాడు. అప్పటినుంచి ఏడాదికోసారి, ఒక ఆదివారం మధ్యాహ్నం, షాపు మీది గదిలో నలుగురు కూర్చుని టోర్నమెంట్ ఆడతారు. ఆవిరి వాసన, హేంగర్లకి వేలాడే ఎవరెవరివో చొక్కాలు, మూలన బండెడు బరువున్న పాత టీవీ. క్యాసెట్టులో దుమ్ము ఊది, కింద మడత పెట్టిన చేతిరుమాలు దోపితే తప్ప బొమ్మ రాదు. గెలిచినవాడికి కప్పు బదులు, పనికిరాకుండా పోయిన బొగ్గుల ఇస్త్రీపెట్టె. దాన్ని తళతళలాడేట్టు తోమి టీవీ మీద పెడతారు. అది ఎప్పుడూ లాండ్రీకే దక్కుతుంది కాబట్టి ఆ గది దాటి ఎరగదు.

మిగతా ఇద్దరిలో ఒకడు కాంపౌండర్, కంటి డాక్టరు మొదలు ఎముకల డాక్టరు దాకా అందరూ కూర్చునే క్లినిక్కులో పని. రెండోవాడు డ్రైవింగ్ మాస్టర్, చెకింగ్‌కి స్వయానా బావమరిది. వీధిలో అందరికీ బళ్ళు నేర్పాడు గానీ ఈ ఆటలో ఒక్క మ్యాచ్ కూడా గెలిచిన పాపాన పోలేదు.

ఆ గదికి ఒక పద్ధతి ఉంది. ఆటగాళ్ళని ఎలా నిలబెట్టాలో ఎంచుకునేది ఇద్దరికీ ఒకే తెర మీద. అందుకని ఒకడు ఎంచుకుంటుంటే రెండోవాడు గోడకి తిరిగి నిలబడాలి. కాంపౌండర్ బీరువా అద్దంలోంచి చూస్తున్నాడని గొడవపెట్టి ఆ అద్దం మీద దుప్పటి కప్పించింది చెకింగే. గోడకి తిరిగింది లాండ్రీ అయితే మాత్రం, వాడు నిజంగా తిరిగాడా లేదా అని చెకింగ్ ఎన్నడూ చూడలేదు.

ఈ ఏడు మొదటి మ్యాచే తేడాగా నడిచింది. డ్రైవింగ్ మాస్టర్ చేతిలో లాండ్రీ ఓడిపోయాడు.

మాస్టర్ కుర్చీ మీదకి ఎక్కేశాడు. "చూశావా బావా! చూశావా!" అని చెకింగ్‌ని పట్టుకుని ఊపేశాడు. అక్కడితో ఆగక భార్యకి ఫోన్ చేసి, "గెలిచానే! అవునే, లాండ్రీ మీదే, ఒట్టు!" అని వీధి చివరిదాకా వినబడేట్టు చెప్పాడు. కాంపౌండర్ చప్పట్లు కొట్టాడు. చెకింగ్ కొట్టలేదు. లాండ్రీ కొడుక్కి కారు నేర్పుతున్నది ఈ మాస్టరే గదా అని అతనికి గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు తనని తనే తిట్టుకున్నాడు. లాండ్రీ గురించి అలా అనుకోవడం అదే మొదలు.

తర్వాత కాంపౌండర్ చేతిలో కూడా లాండ్రీ ఓడాడు. ఈసారి చెకింగ్ కళ్ళార్పలేదు. మొదటి సగంలో వరసగా గోల్స్ పడ్డాయి. ఎవడో అనామకుడు బంతి తీసుకుని తాపీగా నడిచి వస్తుంటే లాండ్రీ మనుషులు పక్కకి తిరిగి నిలబడ్డారు. రెండో సగంలో మళ్ళీ అదే లాండ్రీ పులి అయిపోయాడు, ఈగని కూడా లోపలికి రానివ్వలేదు. చేతకానివాడు రెండు సగాల్లోనూ చేతకానివాడే అయి ఉండాలి కదా. ఇది కావాలని వదిలేసి, ఆ తర్వాత పరువు దక్కించుకునే బేరంలా కనిపించింది.

మధ్యలో లాండ్రీ భార్య టీ తెచ్చింది. తలా ఒక గ్లాసు పక్కన పెట్టి, "ఈసారి పెట్టె మీ ఇంటికే వచ్చేట్టుంది అన్నయ్యగారూ" అని నవ్వింది. ఆ నవ్వూ చెకింగ్‌కి నచ్చలేదు. అందరూ తాగేశాక లాండ్రీ, "నా టీ ఏది?" అన్నాడు. గ్లాసు అతని ఎడమ మోచేతి దగ్గరే చల్లారిపోతోంది. ఎంత నటన, అనుకున్నాడు చెకింగ్. నిన్న షాపు నుంచి వచ్చిన తన యూనిఫామ్ చొక్కా కూడా తలపుకొచ్చింది. కుడి చెయ్యి అద్దంలా ఉంది, ఎడమ చెయ్యి ముడతలు ముడతలుగానే ఉంది. స్నేహితుడి చొక్కా మీదే శ్రద్ధ లేనివాడికి స్నేహితుడి మీద ఏముంటుంది? ఒక్కొక్కటీ పేర్చుకుంటూ పోయాడు. ఇన్నాళ్ళూ ఎవరిని అనుమానించినా అతనికి ఒంట్లో హుషారుగానే ఉండేది. ఈ ఒక్కణ్ణి అనుమానిస్తుంటే మాత్రం ఏడుపొచ్చేట్టుంది.

చివరి మ్యాచ్ ఇద్దరిదీ. చెకింగ్ మిగతా ఇద్దరినీ చెమటోడ్చి గెలిచాడు. ఇది కూడా గెలిస్తే ఇస్త్రీపెట్టె జన్మలో మొదటిసారి అతనిది. లాండ్రీ గోడకి తిరిగి నిలబడ్డాడు. చెకింగ్ మొట్టమొదటిసారి వెనక్కి తిరిగి చూశాడు, వాడు నిజంగానే తిరిగాడా అని. తిరిగే ఉన్నాడు. అయినా మనసు కుదుటపడలేదు.

ఈల మోగింది. చెకింగ్ మనిషి బంతితో వెళ్ళాడు. ఎవరూ అడ్డు రాలేదు, గోల్. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ గోల్. మూడోది కొట్టేసరికి అతని చెవులు వేడెక్కిపోయాయి. నాకు కూడానా! నన్ను కూడా జాలిపడి గెలిపిస్తున్నాడా? మొన్న భార్య ఎవరితోనో ఫోన్లో గుసగుసలాడటం గుర్తొచ్చింది. ఈసారైనా ఈయన్ని గెలవనివ్వండి అన్నయ్యా అని బతిమాలి ఉంటుంది. అందరూ కలిసి ఆడుతున్న నాటకం ఇది.

సగం ఆట అయిందని ఈల మోగగానే చెకింగ్ చేతిలోని ఆట రిమోట్ విసిరికొట్టాడు.

"ఎంతకి అమ్ముడుపోయావురా?"

"ఏమిట్రా?" అన్నాడు లాండ్రీ.

"పొద్దుట్నుంచి చూస్తున్నా. మొదటి సగం వదిలేస్తావు, రెండో సగం ఇరగదీస్తావు. వీడికి వదిలేశావు, వాడికి వదిలేశావు, ఇప్పుడు నాకు ముష్టి వేస్తున్నావు. నువ్వు కూడా దొంగవేనట్రా?"

"బావా, ఏం మాటలవి?" అన్నాడు మాస్టర్.

"నువ్వు నోర్ముయ్. చెప్పరా! కావాలనే ఓడావా, లేదా?"

లాండ్రీ తన రిమోట్ కింద పెట్టాడు. "అవును. కావాలనే వదిలేశాను" అన్నాడు.

మాస్టర్ మొహంలో నెత్తురు లేదు. "అయితే... నేను గెలిచింది కూడా?" అన్నాడు చిన్నపిల్లాడిలా. లాండ్రీ అతని వైపు చూసి, ఏదో చెప్పబోయి మానుకున్నాడు. "అది కూడా" అని లేచి, "మా పాప డ్రాయింగ్ క్లాసు అయిపోయే వేళయింది, తీసుకురావాలి" అంటూ గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

"తృప్తిగా ఉందా?" అని కాంపౌండర్ చెకింగ్‌ని కడిగేశాడు. "ఎవరినీ వదలవు కదా. వాణ్ణొక్కణ్ణీ ఎందుకు వదలాలని వెతికి మరీ పట్టుకున్నావు."

చెకింగ్‌కి అది వినబడనే లేదు. అతని చెవిలో లాండ్రీ 'అవును' అన్న తీరే ఉండిపోయింది. టికెట్ లేనివాణ్ణి పట్టుకుంటే ఎలా ఉంటాడో అతనికి తెలుసు. ఎదురు తిరుగుతాడు, ఏడుస్తాడు, పోయిందంటాడు, కండక్టరు ఇవ్వలేదంటాడు. మొదటిమాటకే అవునన్నవాడు ఇంతవరకు ఒక్కడూ తగల్లేదు. పైగా ఆ అవును అన్నాక లాండ్రీ మొహంలో కనిపించింది సిగ్గు కాదు. గండం గడిచినవాడి నిట్టూర్పు. దొంగ అనిపించుకుంటే ఊపిరి పీల్చుకునే మనిషి ఉంటాడా? అంతకంటే పెద్దది ఇంకేదో దాస్తే తప్ప?

తెర మీద ఆట అలాగే ఆగి ఉంది. మొదటి సగంలో లాండ్రీ గోల్ ఏ వైపుంది? తెరకి ఎడమవైపు. సగం అయ్యాక వైపులు మారతాయి, అతని గోల్ కుడివైపుకి వస్తుంది, అప్పుడిక ఒక్కటీ పడదు. ఎడమ మోచేతి దగ్గర టీ. ఎడమ చెయ్యి ఇస్త్రీ లేని చొక్కా. చెకింగ్ మెట్లు రెండేసి చొప్పున దూకుతూ కిందికి పరిగెత్తాడు.

లాండ్రీ స్కూటర్ స్టాండ్ తీస్తున్నాడు. చెకింగ్ చప్పుడు చెయ్యకుండా వెళ్ళి అతనికి ఎడమపక్కన, చేయి చాస్తే తగిలేంత దూరంలో నిలబడ్డాడు. లాండ్రీ తాళం పెట్టాడు. తల తిప్పలేదు.

"ఒరేయ్" అన్నాడు చెకింగ్.

లాండ్రీ అదిరిపడ్డాడు.

"ఇటు తిరక్కు. ముందుకే చూస్తూ చెప్పు. నేను ఏ చెయ్యి ఎత్తాను?"

లాండ్రీ హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాడు. వీధిలోంచి ఒక ఆటో పోయింది. అది పోయేదాకా ఆగి, "కుడి" అన్నాడు.

చెకింగ్ ఏ చెయ్యీ ఎత్తలేదు.

"ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"రెండు నెలలవుతుందేమో. పొద్దున్నే లేచేసరికి ఎడమపక్కంతా మసగ్గా అయిపోయింది. రెండు కళ్ళకీ. అదే పోతుందిలే అనుకున్నా."

"చెల్లెమ్మకి తెలుసా?"

"తెలిస్తే షాపు మూయిస్తుంది. ఇంకెవరికీ తెలీదు, నువ్వు చెప్పకపోతే చాలు."

"దాని కోసం దొంగనని ఒప్పుకుంటావట్రా? మాస్టర్ గెలుపు కూడా నీళ్ళపాలు చేసి?"

"దొంగనంటే నాలుగు రోజులు తిట్టి ఊరుకుంటారు. కళ్ళు కనబడవంటే బట్టలెవరిస్తారు నాకు? పాపని నా బండి ఎక్కనిస్తారా?"

ఆ చివరి మాటకి చెకింగ్ ఒళ్ళు జలదరించింది. ఈ రెండు నెలలూ, కొడుకు తర్వాత ఎన్నో ఏళ్ళకి పుట్టిన ఆ నాలుగేళ్ళ కూతుర్ని ముందు నిలబెట్టుకుని, సగం వీధి కనబడని మనిషి రోజూ బస్సుల మధ్యలోంచి బండి నడుపుతున్నాడు. చెయ్యి చాపి స్కూటర్ తాళం లాగేసుకున్నాడు.

"ఇవ్వు" అన్నాడు లాండ్రీ. "ఇలా ఇచ్చెయ్. నీకు దణ్ణం పెడతా, ఎవరికీ చెప్పకు. ఒక్క మాట ఎప్పుడైనా అడిగానా నిన్ను?"

నిజమే, ఎన్నడూ అడగలేదు. చెకింగ్ తాళాన్ని పిడికిట్లో బిగించాడు. కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. మేడ వైపు తలెత్తి, వీధంతా వినబడేట్టు అరిచాడు.

"కాంపౌండర్! కిందికి రారా! వీడికి కళ్ళు కనబడటం లేదు! మాస్టరూ, నువ్వు కూడా రా, పాపని నువ్వు వెళ్ళి తీసుకురావాలి! నువ్వు నిజంగానే గెలిచావురా, వీడు అబద్ధం చెప్పాడు!"

ఇస్త్రీ షాపులోంచి లాండ్రీ భార్య బయటికి పరిగెత్తుకొచ్చింది. మెట్ల మీద అడుగుల చప్పుడు. మాస్టర్ ఏమీ అడక్కుండా తాళం అందుకుని బండి తీసుకుపోయాడు. కాంపౌండర్ లాండ్రీ గడ్డం పట్టుకుని కళ్ళలోకి చూస్తూ, "రెండు నెలలా? చదువుకున్నవాణ్ణి పక్కనే పెట్టుకుని రెండు నెలలా?" అని తిడుతూనే క్లినిక్కుకి ఫోన్ కలిపాడు.

లాండ్రీ ఆ చెయ్యి విడిపించుకున్నాడు.

"నమ్మినందుకు బాగా చేశావురా" అన్నాడు లాండ్రీ, చెకింగ్ నిలబడ్డ ఎడమవైపుకి తిరగకుండానే. "ఇంక జన్మలో నా కళ్ళకి కనబడకు."

చెకింగ్ స్కూటర్ నిలిపిన చోటుని చుట్టి నడిచి, అతనికి కుడిపక్కకి వచ్చి, కనబడేట్టు నిలబడ్డాడు.