యేసురత్నం భుజం, శీనయ్య తెచ్చిన సీసా

2024లో ఎండలు ముదిరే వేళకి తోటపల్లి గూడూరు దగ్గర నా ఫిజియోథెరపీ గదికి వచ్చే వాళ్లలో సగం మంది రొయ్యల గుంటల మీద పనిచేసేవాళ్లే. యేసురత్నం వాళ్లలో ఒకడు. శాంప్లింగ్ కోసం, అంటే రొయ్య ఎంత పెరిగిందో చూడటానికి, గుంట గుంటకీ తిరిగి విసురువల వేసేవాడు. కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది. స్కాన్ తీయిస్తే టెండన్ కొంత చిరిగిందని తేలింది. టెండన్ అంటే కండను ఎముకకు పట్టి ఉంచే గట్టి పీచు.

మూడు నెలలు వల ముట్టుకోవద్దన్నాను. రబ్బరు బ్యాండుతో వ్యాయామం మొదలుపెట్టించాను. చిరిగిన టెండన్‌కి పూర్తి విశ్రాంతీ మంచిది కాదు, ఒక్కసారిగా బరువూ మంచిది కాదు. కొద్దికొద్దిగా పని చెబుతూ పోవాలి. అతను తల ఊపాడు గానీ మొహంలో నెత్తురు లేదు. వల వెయ్యలేనివాణ్ణి గుంట మీద ఎవరుంచుకుంటారు?

మర్నాడు గుంటల యజమాని శీనయ్య అతన్ని వెంటబెట్టుకుని తానే వచ్చాడు, చేతిలో చిన్న గాజు సీసాతో. పెప్టైడ్ ఇంజెక్షనట. నెల్లూరు జిమ్ములో కుర్రాళ్లు పొడిపించుకుంటున్నారట, రొయ్యల మందులమ్మే డీలరు తెప్పించాడట. నన్ను భుజంలో వెయ్యమన్నాడు. సూది వెయ్యడం నా పని కాదన్నాను. పని అయినా వెయ్యనన్నాను.

పెప్టైడ్ అంటే ప్రోటీన్ తాలూకు చిన్న ముక్క. అన్నీ దొంగమందులు కావు, ఇన్సులిన్ కూడా పెప్టైడే. కానీ టెండన్ అతుకుతుందని అమ్ముతున్న ఈ రకానికి ఆధారమంతా దాదాపు ఎలుకల దగ్గరే ఆగింది. మనుషుల మీద సరైన పరీక్షలు లేవు. పైగా ఆ సీసా మీదే పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదని అచ్చేసి ఉంది. చదివి వినిపించాను.

"అదంతా ఊరికే రాస్తారు లేక్కా," అన్నాడు శీనయ్య.

నాకు ఒళ్లు మండింది. "అయితే నీ గుంటలో ఇట్టాంటి సీసా తెచ్చి, ఏముందో తెలీకుండా పోస్తావా?"

అతను తడుముకోలేదు. "పోస్తాం. పక్క గుంటోడు పోస్తే మేమూ పోస్తాం. రొయ్య బతికితే మందు మంచిదంటాం, చస్తే వాన మీద తోస్తాం. ఎట్టైనా ఇంకో పంట ఉండాది గదా."

"నీ గుంటకుండాది శీనయ్యా. ఇతని భుజానికి ఇంకో పంట యాడుంది?"

అంతవరకూ గోడ పక్కన నిలబడ్డ యేసురత్నం అప్పుడు నోరు తెరిచాడు. "నాకొద్దు సార్. వల వేసేవాణ్ణి ఇంకొకణ్ణి పెట్టుకోండి. సూది మాత్రం వేయించుకోను."

పని పోతుందని తెలిసే అన్నాడు. నేను ఊరుకుంటానా? రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేలు ఎడమచేత్తో లాగొచ్చు గదా, ఆ పనిలో పెట్టమని శీనయ్య మీద పడ్డాను. నేను డాక్టరునా యూనియన్ లీడరునా అని అడిగాడు. నీకు ఏదంటే భయమో అదే అనుకోమన్నాను. గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు.

మూడు నెలలన్నది అయిదయింది. మొదట ఖాళీ చెయ్యి, తర్వాత చిన్న వల, ఆ తర్వాత తడిసిన పెద్ద వల. ఇప్పుడు వేస్తున్నాడు. పొద్దున్నే భుజం పట్టేస్తుందంటాడు, వల మునుపటంత దూరం పడదు. ఆ సీసాలో మందు పడి ఉంటే రెండు నెలల ముందే లేచేవాడని శీనయ్య ఇప్పటికీ దెప్పుతాడు.

లేచేవాడేమో. నాకు తెలియదు. అతనికీ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. రేపు మనుషుల మీద సక్రమంగా పరీక్షించి పనిచేస్తుందని తేలిస్తే నేనే డాక్టరు దగ్గరికి పంపిస్తాను. అందాకా నా గదిలో "తెలియదు" అనే మాట గట్టిగానే వినబడుతుంది. ఆ మాట అనడానికి నేను సిగ్గుపడను. తెలియనిదాన్ని కూలివాడి భుజంలో పొడిచి చూద్దామనేవాళ్లు పడాలి సిగ్గు.