రామలింగంగారు చుట్టలు మాగబెట్టే విధానం

తిరువూరు బజారు వీధిలో నా జిరాక్సు షాపు పక్కనే రామలింగేశ్వరరావుగారి చుట్టల కొట్టు ఉంది. నేను చుట్ట తాగను. ఎవరైనా కాల్చుకుంటూ నా షాపు ముందు నిలబడితే మొహం మీదే విసుక్కుంటాను. అయినా పద్దెనిమిదేళ్లుగా పక్కపక్కన ఉండబట్టి, తాగేవాళ్లకు కూడా తెలియని చుట్ట సంగతులు నాకు తెలుసు.

అందులో మొదటిది, చుట్టిన వెంటనే చుట్ట అమ్మకూడదన్నది. మిగతా కొట్లవాళ్లు ఆ మాట వింటే నవ్వుతారు. పొద్దున వచ్చిన సరుకు సాయంత్రానికి కదిలిపోవాలని వాళ్ల తాపత్రయం. రామలింగంగారిది వేరే దారి. రాయప్ప అనే పనివాడు లంక పొగాకుతో చుట్టలు చుట్టి తెస్తాడు. అవి తడితడిగా, ముక్కు పుటాలు అదిరేంత ఘాటుగా ఉంటాయి. వాటిని వారం రోజులు నీడలో ఆరబెట్టి, పాతిక చొప్పున అరటినారతో కట్టి, కొట్టు వెనక గదిలో పాత మామిడి చెక్క పెట్టెల్లో సర్ది మూత పెడతారు. ఇంచుమించు ఏడాదికి గానీ బయటికి తియ్యరు.

"కాయ కోసిన రోజునే పండైపోతుందా? ఇదీ అంతేనండి, మాగాలి," అంటారు ఎవరైనా అడిగితే.

పెట్టెలో పడేసి మరిచిపోతే మాగదు, పాడైపోతుంది. మే నెలలో మా ఊరి ఎండకి గదిలో గాలి ఎండిపోయి, చుట్ట పైఆకు పెటపెటా పగులుతుంది. అందుకని పెట్టెలకు తగలకుండా గోడలకి తడి గోనెపట్టాలు వేలాడదీస్తారు. వానాకాలం వస్తే బూజు పడుతుందని పెట్టెలన్నీ అటక మీదికి ఎక్కిస్తారు. పదిహేను రోజులకోసారి అడుగు కట్టలు పైకీ, పై కట్టలు అడుక్కీ మారుస్తారు. సబ్బులూ అగరొత్తులూ కర్పూరమూ ఆ గది గడప తొక్కడానికి లేదు. పక్కన ఏ వాసన ఉంటే చుట్ట దాన్ని లాగేసుకుంటుందట. ఒక ఏడాది ఎవరో దాచమని ఇచ్చిన కలరా ఉండల పొట్లం రెండు రోజులు అక్కడ ఉందని, నాలుగు పెట్టెల సరుకు పారబోశారు. మీకు పిచ్చి పట్టిందని ఆయన మొహం మీదే అన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు.

ఇంత చేసినా, మాగిందో లేదో తేల్చేది మాత్రం ఆయన ముక్కే. ఆకుని బట్టి గడువు మారుతుంది కాబట్టి క్యాలెండరుని నమ్మరు. చుట్టని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, కోసిన చివరని ముక్కు కింద పెట్టుకుని, కళ్లు మూసుకుంటారు. తలూపితే అది కొట్లోకి వస్తుంది, ఊపకపోతే మళ్లీ పెట్టెలోకి పోతుంది. ఇంతా చేసి ఆయన జన్మలో చుట్ట తాగి ఎరగరు. తాగితే ముక్కు చెడుతుందని ఆయన లెక్క. 'నా కొట్టు చుట్ట గొంతు పట్టుకోదు' అన్నది ఆయన ఇచ్చే మాట. ఆ మాట మీదే పెనుగొలను రైతు జగన్నాథరావుగారు ముప్పై ఏళ్లుగా బస్సెక్కి వచ్చి కట్ట కొనుక్కెళ్తున్నారు. ఆయన రోజుకి ఒక్కటే కాలుస్తారు, మధ్యాహ్నం భోజనం అయ్యాక.

ఆ ఇంట్లో ఇంకో ముక్కు కూడా ఉంది. అది రామలింగంగారి భార్య కోటేశ్వరమ్మగారిది. వాళ్ల కాపురం కొట్టు వెనకే కాబట్టి, ఆవిడ ఎటు వెళ్లాలన్నా చుట్టల గది దాటాల్సిందే. కొత్త సరుకు వచ్చిన నెల, గొడ్లసావిట్లో కాపురం చేస్తున్నట్టుందని పొద్దస్తమానం సణుగుతారు. ఆరు నెలలయ్యేసరికి ఆ సణుగుడు సగానికి తగ్గుతుంది. ఏడాది తిరిగేసరికి ఆ పెట్టెల ఊసే ఎత్తరు. గోడకి ఇవతల కూర్చుని అదంతా కాలక్షేపంగా వినేవాణ్ణి.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు రామలింగంగారిని విజయవాడ ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉంచారు. చిక్కి సగమై తిరిగొచ్చారు. నెల తిరిగేసరికి కొట్టు తెరిచి, ఎప్పటిలాగే చుట్టని ముక్కు కింద పెట్టుకుని తలూపారు. మనిషి గండం గడిచి బయటపడ్డాడని నేనూ సంతోషించాను. నిజానికి ఆయనకి వాసన అన్నదే పూర్తిగా పోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇంటావిడకి కూడా చెప్పలేదు. ముక్కు పనిచెయ్యని చుట్టల వ్యాపారిని ఎవరు నమ్ముతారు, ముప్పై ఏళ్ల మాట ఏమైపోతుందన్నది ఆయన భయం. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

మొదటి ఏడాది పాత సరుకుతో గడిచిపోయింది. అది అడుగంటే సమయానికి ఆయన ఒక ఉపాయం ఆలోచించారు. భార్య సణుగుడు ఉండనే ఉంది కదా, ఆవిడ సణిగినన్నాళ్లూ సరుకు పచ్చి, మానేస్తే మాగినట్టు అనుకున్నారు. మార్చిలో రాయప్ప కొత్త చుట్టలు తెచ్చాడు. ఆవిడ ఏమీ అనలేదు. నెల చూశారు, మూడు నెలలు చూశారు. ఆవిడ ఆ గదిలోంచే వెళ్తున్నారు, వస్తున్నారు, నోరు మెదపడం లేదు. ఈసారి ఆకు మేలైనది పడ్డట్టుంది, తొందరగా మాగిందనుకుని కట్టలు కొట్లో పెట్టేశారు.

ఆగస్టులో ఒక రోజు జగన్నాథరావుగారు సంచితో వచ్చి, అందులోంచి ఒక కట్ట తీసి బల్ల మీద పెట్టారు. నేను టీ తాగుతూ అక్కడే ఉన్నాను.

"రామలింగంగారూ, ఏమీ అనుకోకండి. ఇవి గొంతు పట్టుకుంటున్నాయి. నాకే జలుబు చేసిందేమో అనుకున్నా. నిన్న మా ఆవిడ రావమ్మ కూడా అంది, ఈ కంపేంటండీ, దొడ్లోకెళ్లి కాల్చుకోండి అని. మీ చుట్టని తను ఎప్పుడూ ఆ మాట అన్లేదు."

రామలింగంగారు అలవాటు కొద్దీ ఒక చుట్ట తీసి ముక్కు కింద పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.

"ఇవి మీరు చూసి ఇచ్చినవేనా?" అని అడిగారు జగన్నాథరావుగారు.

"చూశానండి."

"అయితే సరే." ఆయన వేరే కట్ట అడగలేదు. ఆ కట్టని అక్కడే వదిలేసి బస్టాండు వైపు నడుచుకుంటూ వెళ్లిపోయారు. ఆయన నాలుగు కేకలేసి ఉంటే నయంగా ఉండేది.

ఒంటిగంటకి కోటేశ్వరమ్మగారు క్యారేజీతో కొట్లోకి వచ్చారు. రామలింగంగారు తలెత్తకుండానే అడిగారు.

"ఆ గదిలో నీకు వాసన రావడం లేదా?"

"ఎందుకు రాదు? గొడ్లసావిట్లో ఉన్నట్టే ఉంది."

"మరి అనవేం?"

ఆవిడ నా వైపు చూశారు. నేను లేవబోయాను గానీ, ఫర్వాలేదన్నట్టు తలూపి చెప్పారు.

"మొక్కుకున్నానండి. మీరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, బతికొస్తే ఈ చుట్టల మీద నోరెత్తనని నెమలి ఊరి వేణుగోపాలస్వామికి మొక్కుకున్నా. మా నాన్న కోసం మా అమ్మ వంకాయ వదిలేసింది. మీ అమ్మగారు కాఫీ వదిలేశారు. నాకు ఈ సణుగుడు కన్నా ఇష్టమైంది ఏముంది? ఇదే వదిలేశా."

నాకు నవ్వొచ్చింది. రామలింగంగారి మొహం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

"నాకు వాసన తెలీడం లేదు కోటేశ్వరీ. ఆసుపత్రి నుంచి వచ్చిన కాడ్నించీ తెలీడం లేదు. నువ్వు ఏమీ అనట్లేదని మాగాయనుకున్నా. పచ్చి చుట్టలు అమ్మాను. జగన్నాథరావుగారు తిరిగిచ్చేసి వెళ్లారు," అన్నారు ఆయన.

నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. ఒకే కప్పు కింద ఏడాదికి పైగా ఉండి, ఒకరి మేలు కోసం ఒకరు నోరు మూసుకుని ఇంత చేసుకున్నారు. కోపం కన్నా బాధే ఎక్కువ కలిగింది.

"మరి రోజూ కూర బాగుందంటారు?" అన్నారు ఆవిడ చివరికి.

"ఉప్పూ కారం నాలిక్కి తెలుస్తాయి. మిగతాది వడ్డించేటప్పుడు నీ మొహం చూసి చెప్తున్నా."

ఆవిడ క్యారేజీ విప్పి అన్నం, దోసకాయ పప్పు పళ్లెంలో పెట్టి ఆయన ముందుకి జరిపారు. తర్వాత స్టూలు గోడ వైపు తిప్పుకుని, మాకు వీపు పెట్టి కూర్చున్నారు.

"ఇప్పుడు చెప్పండి," అన్నారు.

ఆయన కలుపుకుని ఒక ముద్ద తిన్నారు. ఇంకో ముద్ద కూడా తిన్నారు.

"ఉప్పు సరిపోయింది. మిగతాది తెలీడం లేదు," అన్నారు.

ఆవిడ వెనక్కి తిరగకుండానే చెయ్యి చాచి, బల్ల మీది కట్టలోంచి ఒక చుట్ట లాగి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఏడుపుకి భుజాలు కదులుతున్నాయి.

"పచ్చివేనండి. మార్చి దాకా అమ్మకండి," అన్నారు.