తోమిన డబ్బాలో నీళ్లు

ఎనభైల్లో సంగతి. సబ్బవరం నుంచి విశాఖ వెళ్లే బస్సులో, ఏడో నెల కడుపుతో ఉన్న నా భార్యకు దాహమేసింది. ఖాళీ అయిన పురుగుమందు డబ్బా తోమి, ఇంటి నుంచి అందులోనే నీళ్లు తెచ్చాను. మా ఊళ్లో అది మామూలే. డబ్బా అందిస్తుంటే, ఖాళీ చేపల గంపతో పక్కన కూర్చున్న ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏటి బావూ, కడుపుతో ఉన్నదానికి మందుడబ్బాలో నీలిస్తన్నావా?"

"సింతపండేసి తోమినాను. నీకేటమ్మా?"

"అయితే ముందు నువ్వు తాగు!"

బస్సంతా నవ్వింది. నోటిదాకా ఎత్తిన డబ్బా అక్కడే ఆగిపోయింది. తోమేటప్పుడు తగిలిన వాసనే మళ్లీ తగిలింది. నీళ్లు కిటికీలోంచి పారబోశాను.

రెండు నెలలకు పాప ఏ లోపమూ లేకుండా పుట్టింది. గుండె కుదుటపడింది. తెలియక ఇవ్వబోయానని మాత్రం నా భార్యతో ఈనాటికీ అనలేదు; తోమేటప్పుడే ఆ వాసన నాకు తెలిసింది కదా.