కుడి బూటు

డెబ్భైల్లో మా ఆదోని బడి డ్రిల్లు టీచరు, కోట కొండ ఎక్కించే ముందు ప్రతిసారీ మమ్మల్ని కింద నిలబెట్టేది. ఎడమ బూటు లేసు చిటికెలో కట్టేసుకునేది. కుడిదాన్ని మాత్రం కట్టి, విప్పి, మళ్లీ వేళ్ల దగ్గర్నుంచి బిగించుకుంటూ వచ్చేది. "ఉండండమ్మా, మడమ ఇంకా కుదరల్య," అనేది. ఆడపిల్లలం ఎండలో నిలబడి, ఆమె సోకు చూసి నవ్వుకునేవాళ్లం.

ఒకసారి సగం కొండలో నేను కూలబడ్డాను. మా అన్న ఎన్.సి.సి. బూట్లు నాకు వదులై మడమ బొబ్బెక్కింది.

"నాతో కాదు టీచర్, దిగిపోతా," అన్నాను.

ఆమె నా పక్కన కూర్చుని తన కుడి బూటు ఊడదీసింది. ముందు గుప్పెడు మిల్లు దూది వచ్చింది. తర్వాత పాదం వచ్చింది. ఏడేళ్ల పిల్ల పాదమంతే ఉంది. ఇన్నేళ్లూ ఆ పాదం వెనకాలే నడిచాం.

"సిన్నప్పుడు పోలియో వచ్చినాది లే," అంటూ దూదిలో సగం నా మడమ వెనక సర్ది, లేసు బిగించింది. "ఇప్పుడు నడువు. కదలదు."

మిగతా సగం తన బూటులో కుక్కుకుని లేచింది.

ఆమె కుంటడం ఆ రోజు కొండ దిగేటప్పుడే మొదటిసారి చూశాం.