ముప్పావు పైపు

"సారు లేడా?" అని అడిగితే లేడని చెబుతాను. ఎప్పుడొస్తాడని అడిగితే ఇక రాడని చెబుతాను. ఆయన పోయి ఆరేళ్ళయింది. బోర్డు మీద ఆయన పేరు తీసి నా పేరు రాయించలేదు కాబట్టి ఆ తప్పులో కొంత వాటా నాది కూడా.

చిత్తూరులో కోర్టుకు వెళ్ళే దారిలో ఒక చిన్న గది మాది. ఇళ్ళకు, కాలువలకు, పైపులైన్లకు కొలతలు వేసి, ఎంత సామాను పడుతుందో లెక్కగట్టి ఇస్తాను. చదువు పదో తరగతితో ఆగింది. రిటైరైన ఒక ఓవర్సీరు దగ్గర ఫారాలు నింపడానికి ఇరవై రెండో ఏట చేరాను. ఆయన కొలతలు చెబితే రాసుకునేదాన్ని. ఆయనకు చూపు మందగించాక లెక్కలు కూడా నేనే వేయడం మొదలుపెట్టాను. ఆయన పాత పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళి, అర్థం కానిదాన్ని వంటింట్లో సరిచూసుకునేదాన్ని. వృత్తం వెడల్పు రెండింతలైతే వైశాల్యం నాలుగింతలవుతుందని పుస్తకంలో చదివినప్పుడు నాకు నమ్మకం కుదరలేదు. జానెడు దోసెకు ఒక గరిటె పిండి పడితే, రెండు జానల దోసెకు నాలుగు గరిటెలు పట్టింది. ఆ రోజు నమ్మాను.

దేన్నైనా లెక్కపెట్టే అలవాటు నాకుంది. ఒక నెల డైరీ చివరి పేజీలో గీతలు గీశాను. నలభై మూడు మంది వచ్చారు. అందులో ఇరవై తొమ్మిది మంది సారు కోసం అడిగారు. నేనే లెక్క వేసేదాన్నని తెలిశాక ఆరుగురు మళ్ళీ వస్తామని వెళ్ళి, రాలేదు. కోపంతో గీసిన గీతలు కావు అవి. ఎంతమందో తెలుసుకోవాలనిపించింది, అంతే.

ఆ నెల చివర్లోనే వాళ్ళిద్దరూ వచ్చారు. ఆయనకు నలభై దాటి ఉంటాయి, మేస్త్రీ పని చేసే చేతులు. ఆమెకు ముప్పై రెండో ముప్పై మూడో.

"మేము సర్పంచులమక్కా," అన్నాడాయన, కుర్చీలో కూర్చుంటూ.

ఒక పంచాయతీకి ఇద్దరు సర్పంచులుండరు. ఎస్సీ మహిళకు కేటాయించిన సీటు అది. గెలిచింది ఆమె. ఊళ్ళో 'సర్పంచ్' అని పిలిచేది ఆయన్ని. ఈ పద్ధతి మా వైపు ఎంత మామూలంటే, నేను కూడా తలూపి ఆయన్నే అడిగాను, "చెప్పప్పా, ఏం పని?" అని.

పని ఇది. వాళ్ళ పంచాయతీలో ఊరు ఒక పక్క, ఎస్సీ కాలనీ ఒక పక్క. ఊళ్ళో నూట నలభై ఇళ్ళు, కాలనీలో డెబ్భై. పాత ట్యాంకు నుంచి ఊరికి రెండు ఇంచుల పైపు, కాలనీకి ఒక ఇంచు పైపు ఉన్నాయి. పొద్దున్నే రెండు గంటలు రెండింటికీ ఒకేసారి నీళ్ళు వదులుతారు. ఇప్పుడు కొత్త ట్యాంకు కట్టారు, కొత్త పైపులు వేయబోతున్నారు. అదే కొలత: ఊరికి రెండు, కాలనీకి ఒకటి.

"సగం ఇండ్లు, సగం పైపు. న్యాయమే గదా అంటా ఉండారు," అన్నాడాయన. "మేమూ న్యాయమే అనుకున్న్యాం."

"నేను అనుకోలేదు," అంది ఆమె. అప్పటిదాకా ఆమె నోరు విప్పలేదు. "ఊర్లో ఇంటికి ఆరు బిందెలు పట్టుకుంటా ఉండారక్కా. నేను నిలబడి లెక్కబెట్టినా. మాకు రెండు నిండితే గొప్ప. నీళ్ళు వదిలేవాడు మోసం చేస్తా ఉండాడని మా ఆడోళ్ళు వాడితో ఎన్నిసార్లు కొట్లాడినారో. వాడు పాపం టైముకే తిప్పుతాడు. మరి మిగతా నీళ్ళు యాడికి పోతా ఉండాయి?"

బిందెలు లెక్కపెట్టుకుని నా దగ్గరికి వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. నాకు ఉత్సాహం వచ్చింది. తెల్ల కాగితం తీసి రెండు వృత్తాలు గీశాను. ఇంచు పైపు రెండించుల పైపులో సగం కాదు, పావు. అది నోటి వెడల్పు లెక్క మాత్రమే. సన్న పైపులో గోడల రాపిడి ఎక్కువ కాబట్టి, దూరం పోయేకొద్దీ ఆ పావు కూడా తగ్గి ఆరో వంతుకు దగ్గరవుతుంది. సగం ఇళ్ళకు ఆరో వంతు నీళ్ళంటే ఇంటికి మూడో వంతు. ఆరు బిందెలకు రెండు. ఆమె లెక్క, నా లెక్క సరిగ్గా కలిశాయి. డెబ్భై ఇళ్ళకు న్యాయంగా సగం నీళ్ళు పోవాలంటే ఒకటిన్నర ఇంచు పైపు వేయాలి.

ఇదంతా వివరిస్తూ పది నిమిషాలు మాట్లాడాను. ఆయన తల ఊపుతూ ఉన్నాడు. ఆమె మెడ వంచి చూస్తోంది. చివరికి అంది:

"అక్కా, ఆ కాగితం ఇట్ల తిప్పు. మీటింగులో సెప్పాల్సింది నేను."

కాగితం ఆయన వైపు ఉంది. పది నిమిషాలూ ఆయన వైపే ఉంది. ప్రశ్న వేసింది ఆమె, బిందెలు లెక్కపెట్టింది ఆమె, నేను జవాబు చెప్పింది ఆయనకు. ఇరవై తొమ్మిది మందిని గీతలు గీసి పెట్టుకున్నదాన్ని. ముప్పయ్యో గీత నాది.

కాగితం తిప్పి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. సగంలోనే ఆపింది.

"అయితే దోసె మాదిరేనా? పెనం మీద జానెడు దోసెకు ఒక గరిటె. రెండు జానలు పోస్తే రెండు గరిటెలు సాలవు."

ఆమె సర్పంచు కాకముందు నుంచీ కాలనీలో పొద్దునపూట దోసెలు పోసి అమ్ముతుందట. నాకు పాతికేళ్ళ కిందట పట్టినంత టైము ఆమెకు పట్టలేదు.

టీ తెప్పించాను. ముగ్గురం పేపర్ కప్పుల్లో తాగాం. మా అమ్మ ఉన్న రోజుల్లో అయితే మా ఇంట్లో ఎస్సీల కోసం వేరే గ్లాసు ఉండేది, కడిగి గోడ అవతల బోర్లించేవాళ్ళం. పేపర్ కప్పు వచ్చాక ఆ చిక్కు నాకు ఎదురుపడలేదు. నేను మారానా, గ్లాసు మారిందా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు.

వెళ్ళేముందు ఆమె ఒక మాట చెప్పింది. వచ్చే మండల సమావేశంలో ఆ పైపు కొలత ఆమోదం పొందితే కాలువ తవ్వి పూడ్చేస్తారు. మళ్ళీ పదిహేనేళ్ళ దాకా ఎవరూ తవ్వరు. అప్పటికి తన పదవి ఉండదు. "ఈ ఒక్క మీటింగే అక్కా ఉండేది," అంది.

మాటలతో నమ్మరని చెప్పి, హార్డ్‌వేర్ కొట్లో మూడు పైపు ముక్కలు కోయించాను. ఒకటి, ఒకటిన్నర, రెండించులు, మూడూ జానెడు పొడవు. ఒక చివర మూతలు బిగించి ఇచ్చాను.

సమావేశం రోజు నేనూ వెళ్ళాను. తిరుపతి పోయే రోడ్డులో మండలాఫీసు. సర్పంచుల భర్తలు లోపల కూర్చోకూడదని పై నుంచి కాగితం వచ్చింది, అందుకని వాళ్ళు బయట వరండాలో కిటికీల దగ్గర నిలబడతారు. లోపల తొమ్మిది మంది ఆడ సర్పంచులు, కిటికీల దగ్గర తొమ్మిది మంది మొగవాళ్ళు. పదోదాన్ని నేను. లోపల ఏదైనా అడిగితే ఒక్కో సర్పంచు కిటికీ వైపు చూస్తుంది, భర్త తల ఊపుతాడు, ఆమె చెయ్యెత్తుతుంది. గంటన్నరలో నేను చూసినంతవరకు ఆడవాళ్ళు పలికినవి రెండే మాటలు, "సరే సార్", "అట్లే సార్".

మండలాధ్యక్షుడిది కూడా వాళ్ళ ఊరే. రెండించుల పైపు వైపు ఇల్లు. నీళ్ళ పని జాబితా చదువుతుంటే ఆమె వెనక వరసలోంచి లేచి నిలబడింది.

"సార్, మా పంచాయతీ పైపు గురించి మాట్లాడాల."

"ఏమ్మా, మీ ఆయన రాలేదా?"

"వచ్చినాడు సార్. కిటికీ కాడ ఉండాడు."

"ఆయన్ని సెప్పమను. నువ్వు సంతకం బెట్టు, సాలు." తర్వాత కిటికీ వైపు చూసి, "రేయ్, ఏందిరా ఇది, ఇంట్లో మాట్లాడుకోని రాకూడదా?" అన్నాడు.

అధ్యక్షుడికంటే ఆమె భర్త ఐదారేళ్ళు పెద్ద. హాలంతా కిటికీ వైపు తిరిగింది. ఆయన కిటికీ ఊచ పట్టుకుని ఉన్నాడు. చెప్పప్పా, ఏదో ఒకటి చెప్పి ఆమెను గట్టెక్కించు అని నా నోటి దాకా వచ్చింది. మళ్ళీ అదే పొరపాటు. నోరు మూసుకున్నాను.

"ఆమే సెప్తాది సార్," అన్నాడాయన. "నాకు ఆ లెక్క రాదు."

ఆమె మొదలుపెట్టింది. "మాకు ఇంచు పైపు సాలదు సార్. ఒకటిన్నర ఇంచు కావాల."

అధ్యక్షుడు నవ్వాడు. "ఊరికి రెండు, మీకు ఒకటిన్నర. అంటే సగం ఇండ్లకు ముప్పావు పైపు! వీళ్ళకు ఎంతిచ్చినా సాలదు గదప్పా." ముందు వరసల్లో నవ్వులు. "ఈ లెక్క ఎవురు గట్టినారమ్మా?"

"చిత్తూరులో ఒగ అక్క."

"బాగుండాది. ఆడోళ్ళిద్దరూ గూసోని పైపుల లెక్క గట్టినారు. పులుసులో ఉప్పు గాదమ్మా ఇది."

"ఉప్పు గాదు సార్, దోసె," అంది ఆమె. మళ్ళీ నవ్వారు. ఆమె ఆగలేదు. సంచిలోంచి మూడు ముక్కలూ తీసుకుని ముందుకు నడిచి, వేదిక ముందున్న బల్ల మీద నిలబెట్టింది. "నీళ్ళు గావాల," అంటూ అధ్యక్షుడి ముందున్న నీళ్ళ బాటిల్ తీసుకుంది. అనుకోకుండా తీసుకుంది, దగ్గర్లో ఉన్నది అదే.

"సరే, ఆ బాటిల్ నువ్వే పెట్టుకో. నాకు మళ్ళీ వద్దు," అన్నాడాయన.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె ఇంచు ముక్క నింపి రెండించుల ముక్కలో పోసింది. మళ్ళీ నింపి పోసింది. "రెండు. సగమైతే ఇప్పుడు నిండాల గదా సార్?" ముక్కను వంచి లోపల చూపించింది. మూడు. నాలుగు. నాలుగోసారికి అంచు కింద గోరు మందం ఖాళీ మిగిలింది. ఆ నీళ్ళు బాటిల్లోకి వంపేసి, ఒకటిన్నర ముక్క ముందుకు జరిపింది. ఇంచు ముక్కతో అందులో రెండుసార్లు పోస్తే దాదాపు నిండింది.

"ఇదీ సార్ సగం. మేము ముప్పావు అడగలేదు."

నా పక్కన ఆమె భర్త నెమ్మదిగా అన్నాడు, "మీ ఆఫీసులో నాకు ఒక్క ముక్క అర్థం గాలేదక్కా. ఊరికే తల ఊపినా. ఇంటికి పోయినాక ఆమె దోసె పోసి సూపించింది."

అధ్యక్షుడు ఇంజనీరు వైపు తిరిగాడు. కుర్రాడు, ఫైలు లోంచి తలెత్తలేదు. "ఏమప్పా, నిజమేనా?"

"నిజమే సార్."

"మరి ముందే సెప్పలేదే?"

"ఎవురూ అడగలేదు సార్."

కాసేపు పెన్ను తిప్పాడు అధ్యక్షుడు. తర్వాత గుమాస్తాతో అన్నాడు, "సరే, ఒకటిన్నర రాసుకో. అధ్యక్షుల సూచన మేరకు అని రాయి."

ఆమె బయటికి వచ్చాక కూడా ఆ మాట నాకు మింగుడుపడలేదు. "లెక్క నీది, సూచన ఆయనదా? తిరిగి వెళ్ళి నీ పేరు రాయించు," అన్నాను.

ఆమె పైపు ముక్కలు సంచిలో సర్దుకుంటోంది. "ఈ పొద్దు దానికి కొట్లాడితే ఒకటిన్నర మళ్ళీ ఒకటి అవతాది అక్కా. కాలువ పూడ్సేదాకా వాళ్ళేమన్నా రాసుకోనీ." బాటిల్ చూసింది. సగం పైన నీళ్ళున్నాయి. మూత తీసి, వరండాలో నిలబడే మొత్తం తాగేసింది. ఆమె భర్త ఆటో కోసం రోడ్డు మీదికి నడిచాడు.

రెండు నెలలకు ఫోన్ చేసింది. పైపులు వేశారు, కాలువ పూడ్చారు. మళ్ళీ బిందెలు లెక్కపెట్టిందట, మూడు రోజులు, రెండు చోట్లా నిలబడి.

"ఐదున్నర వస్తా ఉండాయక్కా."

"ఊళ్ళో?"

"ఆరు."

సంతోషం కంటే ముందు ఆ అర బిందె ఎక్కడ పోయిందా అని ఆలోచన వచ్చింది. కాలనీ లైనుకు వంపులు ఎన్ని పెట్టారని అడిగాను. ఐదు అంది. ఊరి లైనుకు రెండు. వంపు వంపుకూ కొంత ఒరిపిడి ఉంటుందని చెప్పాను.

"అంతేనా? అయితే అది గూడా కాగితం మీద రాసియ్యి," అంది. "వచ్చే మీటింగులో ఆ అర బిందె అడుగుతా. ఈసారి నా పేరు గూడా రాయిస్తా."

ఆ కాగితం రాస్తున్నాను. ఈలోగా డైరీలో ఇంకో పేజీ మొదలుపెట్టాను. జంటగా ఎవరొచ్చినా కాగితం ముందు ఎవరి వైపు పెడుతున్నానో రాసుకుంటున్నాను. ఇప్పటికి పదకొండు జంటలు వచ్చాయి. మూడుసార్లు మళ్ళీ మగవాడి వైపే పెట్టాను.