తువ్వాల కింద బేరం

మా బాపు దేన్ని చూసినా గొర్రెను చూసినట్టే చూసేవాడు. దవాఖానలో డాక్టరు నోరు తెరవమంటే, "గొర్రెకు జూసినట్టు నా పండ్లు జూసి వయసు చెప్తవా సారూ" అని నవ్వేవాడు. అందుకే నా పాత కంప్యూటరు మొరాయించిన రోజు ఆయన దాని పక్కన గొంతుక్కూర్చుని, ఆయాసపడే గొర్రె మీద వేసినట్టు డబ్బా మీద చెయ్యి వేసి, "ఎగపోస్తాంది బిడ్డా" అన్నప్పుడు నాకు వింతేమీ అనిపించలేదు. కోపం మాత్రం వచ్చింది. నాకు కోపం తొందరగా వస్తుంది, బాపు ముందైతే ఇంకా తొందరగా.

ఇది తెలంగాణ వచ్చిన మూడు నాలుగేళ్ల తర్వాతి మాట. రామన్నపేట నుంచి ఆటోలో పోయే దూరంలో మా ఊరు. ఇంట్లో తండ్రీబిడ్డలం మేమిద్దరమే. నేను ఇంటర్‌లో ఉండగా అమ్మ పోయింది. బాపుకు గొర్లమంద, నాకు ఆ కంప్యూటరు. నా డిగ్రీ అయిపోయాక, రామన్నపేటలో మూసేస్తున్న ఒక నెట్ సెంటర్ నుంచి దాన్ని కొన్నాం. దానికోసం బాపు రెండు పొట్టేళ్లను అమ్మాడు. ఎవరైనా నా లగ్గం మాట ఎత్తితే ఇద్దరం కూడబలుక్కున్నట్టు వానల సంగతి మాట్లాడేవాళ్లం.

హైదరాబాదులో ఒక ఆఫీసు పాత తెలుగు పుస్తకాల పేజీలను ఫొటోలు తీసి నెట్‌లో పంపేది. వాటిని చూసి టైపు చేసి తిరిగి పంపడం నా పని. పొద్దున బాపు మందను తోలుకుని పోయేవాడు, నేను టైపు చేస్తూ కూర్చునేదాన్ని. పొద్దుగూకాక ఆయన కాళ్లు కడుక్కుని అన్నం ముందు కూర్చుని, "ఇయ్యాల ఏం రాసినవ్?" అని అడిగేవాడు. ఆ రోజు పేజీల్లో ఉన్నదంతా చెప్పేదాన్ని. ఒకరోజు రాజుల కథ, ఒకరోజు పశువుల వైద్యం, ఒకరోజు ఎవరో కాశీకి నడిచి పోయిన ముచ్చట. పశువుల వైద్యంలో మాత్రం రాసినాయన్ని తప్పు పట్టేవాడు. "వానికి గొర్రె ఎరుకలేదు, ఊకనే రాసిండు" అనేవాడు. చదువురాని మనిషి ఏనాడో పోయిన రచయితతో తగువు పెట్టుకుంటుంటే నాకు నవ్వు ఆగేది కాదు. ఆ సాయంత్రాల కోసం ఇప్పుడు నా ప్రాణం కొట్టుకుంటుంది.

ఆ ఎండాకాలం మొదట్లో ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. టైపు చేసే పద్ధతి మారుతోందట, మిషన్‌లో నాలుగు జీబీ ర్యామ్ ఉండాలట. నాదాంట్లో ఉన్నది ఒక్కటే. "నెలలోపు పెంచుకోండి. లేదంటే ఇక్కడికే వచ్చి మా మిషన్ల మీద పని చేయండి, హాస్టల్ మేమే చూస్తాం" అన్నారు. వాళ్లు మంచిగానే చెప్పారు. నాకు పోవాలని లేదు. బాపుకు ఆ సంగతి చెప్పి, ఆయన నోటి నుంచి ఒక్క మాట కోసం చూశాను. "పోకు" అనే మాట.

ఆయన తెగిన చెప్పు కుట్టుకుంటున్నాడు. తల ఎత్తలేదు. "మంచిదే గద బిడ్డా. పో. గీడేమున్నది?" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. గొర్రెపిల్ల తప్పిపోతే ఊరంతా తిరిగే మనిషి, నేను పోతానంటే సూది కూడా ఆపలేదని ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు మాత్రం, చిట్యాలలో ర్యామ్ దొరుకుతుందేమో చూసొస్తానంటే, మందను పక్కింటాయనకు అప్పజెప్పి నాతో బయల్దేరాడు.

చిట్యాలలో హైవే పక్కన, సెల్‌ఫోన్ కవర్లు వేలాడే దుకాణం అది. నా మిషన్‌లోంచి తీసి నేను పట్టుకుపోయిన ర్యామ్‌ను దుకాణదారు చూశాడు. దువ్వెనంత పొడవున్న ఆకుపచ్చ పట్టీ. "ఈ రకం ఇప్పుడు చేస్తలేరమ్మా" అన్నాడు. కొత్త రకం చవకే కానీ దాని గాటు ఇంకోచోట ఉంటుంది, పాత మిషన్‌లో కూర్చోదు. పాత రకం ఎవరూ చేయరు కాబట్టి దొరికినచోట దాని ధర మండిపోతుంది. ఆయన దగ్గర రెండు జీబీది ఒక్కటే ఉంది. నా పాతదానితో కలిపి మూడవుతుంది. ఆఫీసు వాళ్లను బతిమాలుకుంటే మూడుతో సరిపెట్టుకుంటారనుకున్నాను.

"ఒక్కటేంది? జోడి గావాలె" అన్నాడు బాపు. "ఒంటి గొర్రెను తెచ్చి పరాయి మందల ఇడిస్తే మేత ముడ్తదా?"

"ఇది గొర్రె గాదు బాపు. జర ఊకో" అన్నాను అందరి ముందే.

ఊకున్నాడు. ఆ ఒక్కదాన్నే కొని, ఇంటికొచ్చి రెండు పట్టీలూ రెండు జాగాల్లో పెట్టి మిషన్ బటన్ నొక్కితే, తెర నల్లగానే ఉంది. లోపలి నుంచి ఆగి ఆగి ఒక కూత వస్తోంది. పాతది తీసేస్తే కొత్తది ఒక్కటీ పని చేసింది. రెండూ కలిపితే మళ్లీ కూత. బాపు గడప దగ్గర నిలబడి విన్నాడు. "చెప్పిన గద. వేరే మందది. కలవక ఒర్రుతాంది" అన్నాడు. ఆయన చెప్పింది నిజం కావడం నాకు ఇంకా మండింది. రెండూ తీసి బల్ల మీద పెట్టి, ఏం చేయాలో కనుక్కుందామని మర్నాడు పొద్దున్నే రామన్నపేట పోయాను.

తిరిగొచ్చేసరికి బల్ల మీద పట్టీలు లేవు. అరుగు మీద గొంగడి ముక్కతో చిన్న మూట కట్టి ఉంది.

మా ఇంట్లో కొత్త గొర్రె వచ్చిన రోజు బాపు ఒక పని చేసేవాడు. మందలోని గొర్రె ఒకదాని పక్కన దాన్ని కట్టేసి, ఒకే గొంగడితో రెండిటి ఒళ్లూ బాగా రుద్దేవాడు. వాసన ఒకటైతే ఇక కొట్టుకోవని ఆయన నమ్మకం. అది ఎప్పుడూ తప్పలేదు కూడా. నేను లేనప్పుడు ఆ రెండు పట్టీలనూ అలాగే, శ్రద్ధగా, చాలాసేపు రుద్ది మూటకట్టాడు. ఎండాకాలంలో గొంగడి దులిపితే చిటచిటలాడుతుందని మా ఊళ్లో అందరికీ తెలుసు. ఆ చిటచిటలో ఉన్నది కరెంటేనని, ఇలాంటి పట్టీలకు అది ప్రాణం మీదికి తెస్తుందని మాకిద్దరికీ తెలియదు. మళ్లీ పెట్టి చూస్తే కొత్తది పలకలేదు. పాతదీ పలకలేదు. నిన్నటిదాకా ఎగపోస్తూనైనా నడిచిన మిషన్ ఇప్పుడు మొత్తానికే పడుకుంది.

నేను అరిచాను. చాలా అన్నాను. అన్నింటికంటే పాడు మాట చివర అన్నాను. "నన్ను ఎల్లగొట్టాలనే చేసినవా?"

బాపు నా వైపు చూశాడు. కర్ర తీసుకుని బయటికి పోయాడు, మంద అప్పటికే దొడ్లోకి వచ్చేసినా.

రెండు రోజులు మా మధ్య ఉప్పు, నీళ్లు అనే మాటలు తప్ప మరేం లేవు. మూడోనాడు పొద్దున ఆయన ఉతికిన ధోవతి కట్టుకుని, భుజాన కొత్త తువ్వాల వేసుకుని నా ముందు నిలబడ్డాడు. "నడువు. భువనగిరి పోదాం" అన్నాడు.

బస్సులో ఆయన కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. భువనగిరిలో మొదటి దుకాణానికి అద్దాల తలుపు ఉంది. లోపలున్నాయన మా పట్టీని ముట్టుకోకుండానే, "దీని మీద పైసలు దండగ, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. తర్వాత రెండు మూడు చోట్ల లేదన్నారు. చివరికి ఎవరో చెబితే, తల ఎత్తితే గుట్ట కనిపించే ఒక గల్లీలోకి పోయాం. పిండి గిర్నీ పక్కన చిన్న రిపేరు దుకాణం. విప్పిన డబ్బాల మధ్య యాభై ఏళ్లు దాటిన మెకానిక్ కూర్చుని ఉన్నాడు. సంగతంతా చెప్పాను. "ఉన్నితోని రుద్దిండా!" అని పకపకా నవ్వి, బాపు ముఖం చూసి నవ్వు ఆపేశాడు.

"అమ్మేటివి అయితే లేవు. ఉన్నా ధర మీరు పెట్టలేరు పెద్దమనిషీ" అన్నాడు.

అప్పుడు బాపు భుజం మీది తువ్వాల తీసి, కుడిచేతి మీద కప్పుకుని, ఆ చేతిని ఆయన ముందుకు చాచాడు.

గొర్ల అంగడిలో, అంటే సంతలో, బేరం అట్లాగే చేస్తారు. కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాల కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. ఎంతకు తెగిందో చుట్టూ ఉన్నవాళ్లకు తెలియదు. ఆ బేరంలో బాపు గట్టివాడు. ఆయన తువ్వాల తీస్తే అంగడిలో కొందరు పక్కకు తప్పుకునేవాళ్లు. కానీ ఇది కంప్యూటర్ల దుకాణం. నాకు తల కొట్టేసినట్టయింది. బాపు చేతిని కిందికి లాగేద్దామనుకున్నాను.

మెకానిక్ తువ్వాల వైపు కాసేపు చూశాడు. తర్వాత చేతిని ప్యాంటుకు తుడుచుకుని, లేచి నిలబడి, తువ్వాల కిందికి చేయి పెట్టాడు. వాళ్ల నాయిన ఎడ్ల బేరగాడట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. సిగ్గుతో నేను గడప బయటికి వచ్చి నిలబడ్డాను. గిర్నీ మోతలో లోపలి మాటలేవీ వినపడలేదు. బాపు వీపు మాత్రమే కనిపిస్తోంది. అంగడిలో ఈ బేరం నిమిషంలో అయిపోతుంది. ఇక్కడ ఎంతసేపైనా తువ్వాల కదలడం లేదు. మెకానిక్ తల దించుకున్నాడు. బాపు గట్టిగానే నొక్కుతున్నాడని, పాపం మెకానిక్ పని అయిపోయిందని అనుకున్నాను.

చివరికి మెకానిక్ చేయి తీసుకుని తెర వెనక్కి పోయాడు. అక్కడ చాలాసేపు ఏదో విప్పిన చప్పుడు. రెండు పట్టీలతో బయటికి వచ్చాడు. ఒక్కోటి రెండు జీబీ, రెండూ ఒకే రంగు, ఒకే కంపెనీ.

"ఒక్క తల్లియేనా?" అని అడిగాడు బాపు.

"ఒక్క తల్లియే పెద్దమనిషీ" అన్నాడు ఆయన, ఈసారి నవ్వకుండా.

బస్సులో ఎంతకు తెగిందని అడిగితే, "అంగడి బేరం బయట చెప్పద్దు" అన్నాడు బాపు. తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "సగానికి తెంపిన" అన్నాడు గర్వంగా. ఆ సాయంత్రం మిషన్ కూయకుండా లేచింది. నేను హైదరాబాదు పోలేదు. బాపు అన్నం ముందు కూర్చుని, ఏమీ జరగనట్టే, "ఇయ్యాల ఏం రాసినవ్?" అన్నాడు. నేనన్న మాటను వెనక్కి తీసుకోవాలని నోటిదాకా వచ్చింది. రేపు చెబుదామనుకున్నాను. అట్లా ఐదేళ్లు గడిచాయి. ఐదేళ్ల సాయంత్రాలు ఉన్నాయి నాకు, అందులో ఒక్కదాంట్లో కూడా చెప్పలేదు.

బాపు పోయి రెండేళ్లయింది. మందను పక్కింటాయనే కొనుక్కున్నాడు. గొంగడి కొక్కేనికి ఉంది. నేను ఇంకా అదే పని చేస్తున్నాను, అదే మిషన్ మీద. కొత్తది కొనలేక కాదు, చుట్టాలంతా నన్ను పిసినారి అంటారు, అననీ.

మొన్న ఎండాకాలంలో అది మళ్లీ కూసింది. ఆగి ఆగి, అదే కూత. డబ్బాను దుప్పట్లో కట్టి, ఆటోలో, బస్సులో మోసుకుని భువనగిరి పోయాను. గిర్నీ ఉంది. దుకాణమూ ఉంది. మెకానిక్‌కు కళ్లద్దాలు వచ్చాయి. నన్ను గుర్తుపట్టలేదు, పట్టీలను గుర్తుపట్టాడు. "ఉన్ని పెద్దమనిషి బిడ్డవు గదా! నాయిన మంచిగున్నడా?"

చెప్పాను. ఆయన పట్టీలను ఒక్కొక్కటిగా పెట్టి చూశాడు. ఒకటి పోయింది. రెండోది బాగానే ఉంది. "ఇప్పటికి ఒక్కదాంతోనే నడుస్తది. జర మెల్లగ నడుస్తది" అని, పోయినదాన్ని నా చేతిలో పెట్టాడు.

ఊరికే నవ్వుతూ అడిగాను. "ఆ రోజు తువ్వాల కింద ఎంతకు తెంపిండు మా బాపు? సగానికి అని చెప్పుకునేటోడు."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "బేరం ఏడ చేసిండమ్మా? ఒక్క వేలు గూడ పట్టలే. ఊకనే నా చెయ్యి పట్టుకున్నడు. ఇడిస్తలేడు. 'మా పిల్ల పోతది' అన్నడు. 'నా చేతులతోనే ఖరాబు చేసిన, నా పిల్ల పోతది' అని గంతే, మల్ల మల్ల గదే మాట. అమ్మేటివి లేకుండె నా దగ్గర. నా మిషన్‌ల ఉన్నయి తీసి ఇచ్చిన."

నేను ఆయన చేతివైపే చూస్తూ ఉండిపోయాను. నేను పెద్దదాన్నయ్యాక బాపు నా చెయ్యి ఎప్పుడూ పట్టుకోలేదు. మా ఇళ్లలో తండ్రులు పట్టుకోరు.

ఇంటికొచ్చి మిషన్ బిగించి బటన్ నొక్కాను. చాలాసేపు తెర నల్లగానే ఉంది. తర్వాత మెల్లగా వెలుగు వచ్చింది, ఒక్కదాంతోనే. పోయిన పట్టీని గొంగడి కొసలో ముడివేశాను. ఇప్పుడు ఉన్ని దాన్నేమీ చేయదు. అన్నం వేళ అయింది. ఎదురుగా పీట ఖాళీగా ఉంది. దానికేసి చూసి, పైకే అన్నాను.

"నేను ఏడికి పోలే బాపు. గీడనే ఉన్న."