ఆల్రెడీ దిగిన

తొమ్మిదో తరగతి పిల్లలకు 'ఆల్రెడీ' అనే మాట చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. పిల్లల మీద కాదు, మా మూడు ఊళ్ల మీద. పుస్తకంలో దాని అర్థం తిన్నగానే ఉంటుంది. మనం అడిగే వేళకే ఆ పని జరిగిపోయిందని. బస్సు ఆల్రెడీ వెళ్లిపోయిందంటే ఇక పరుగెత్తి లాభం లేదని. బోర్డు మీద రాసి, పిల్లల చేత నాలుగు వాక్యాలు చెప్పించి బయటికొస్తానా, వరండాలో అటెండరు ఎదురవుతాడు. లైబ్రరీ తాళం తెమ్మని పొద్దున చెప్పి ఉంటాను. "ఆల్రెడీ తెస్తున్న మేడం" అంటాడు. తెస్తున్నాడట, అదీ ఆల్రెడీ. నేను గంటసేపు గొంతు చించుకున్నదంతా అక్కడికక్కడే గాలికి పోతుంది.

నేను పుట్టింది కోదాడలో, కోడలిగా అడుగుపెట్టింది సూర్యాపేటలో, ఇల్లు కట్టుకుని ఉంటున్నది మిర్యాలగూడలో. మూడు చోట్లా యాస మారుతుంది గానీ ఈ మాట మారదు. కోదాడలో మా అమ్మ "ఎసరు ఆల్రెడీ పెట్టేశానే, వచ్చెయ్యండి" అంటుంది. మేం వెళ్లేసరికి బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉంటుంది. సూర్యాపేటలో మా ఆడబిడ్డ "ఆల్రెడీ బయలెల్లినం, బస్సుల ఉన్నం" అని ఫోన్లో చెప్తుంటే, వెనక బకెట్లో నీళ్లు పడుతున్న చప్పుడు నాకు శుభ్రంగా వినిపిస్తుంది. బస్సులో నల్లా ఎక్కడిదో ఆమెనే అడగాలి.

దీన్ని మావాళ్లెవరూ అబద్ధం అనరు. మర్యాద అంటారు. అవతలివాళ్లు ఎదురుచూస్తున్నారు కదా, పాపం, వాళ్ల మనసు నిమ్మళం చేయాలి కదా. ఎలాగూ చేసే పనే, కాస్త ముందుగా అయిపోయిందని చెప్తే ఎవరి సొమ్ము పోయింది? వినేవాళ్లు కూడా చంటిపిల్లలేం కాదు. బయల్దేరామంటే ఇంకా స్నానం కాలేదని, వచ్చేశామంటే ఇప్పుడే చెప్పులేసుకుంటున్నారని ఎవరికి వాళ్లు సర్దుకుంటారు. చెప్పేవాడు కలుపుతాడు, వినేవాడు తీసేస్తాడు. ఇలాగే మా సంసారాలు సాగిపోతున్నాయి.

మా ఆయన లైన్‌మన్. గరిడేపల్లి వైపు పల్లెల్లో పని. రోజూ మిర్యాలగూడ నుంచి బండి మీద వెళ్లి వచ్చేవాడు. పెళ్లైన కొత్తలో ఆ పని సంగతి నాకు తెలియదు. ఒక ఆదివారం ఆయనతో పాటు పొలాల వైపు వెళ్లి, ఆయన కరెంటు స్తంభం మీద నడుముకు బెల్టు చుట్టుకుని వెనక్కి వాలి నిలబడటం చూశాను. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు. స్తంభం దిగగానే నాకొక ఫోన్ చెయ్యాలని ఒట్టు వేయించుకున్నాను. ఆయన నవ్వి సరే అన్నాడు.

మాట తప్పలేదు. రోజూ చేసేవాడు. "దిగారా?" అని నేను అడిగేదాన్ని. "ఆల్రెడీ దిగిన" అనేవాడు. ఆ తర్వాత నేను టిఫిన్ డబ్బా మూత తీసేదాన్ని.

మొదటి ఏడాదిలోనే నాకు అసలు సంగతి అర్థమైంది. కింద ఉన్న మనిషి ఫోన్ చేస్తే చుట్టుపక్కల బండ్ల హారన్లు, రైతుల మాటలు, కుక్కల అరుపులు వినిపిస్తాయి. ఆయన ఫోన్లో గాలి తప్ప ఇంకేమీ ఉండేది కాదు. ఒక్కోసారి ఎక్కడో కిందినుంచి ఎవరో "అన్నా, పట్టుకారు అందుకో" అని కేకేసేవారు. దిగిన మనిషికి పట్టుకారు కిందినుంచి ఎందుకు అందిస్తారు? నేను భోజనానికి ఎదురుచూస్తున్నానని ఆయనకు తెలుసు. అందుకని పైనుంచే చెప్పేసేవాడు. ఇంకో పది నిమిషాల్లో దిగేవాడే కదా అని నేనూ ఊరుకున్నాను. అది నిజం కాదని తెలిసీ అన్నం తిన్నాను. పదకొండేళ్లు అలాగే తిన్నాను.

ఇక్కడ లైన్ క్లియర్ గురించి ఒక ముక్క చెప్పాలి. స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్‌లో ఉన్న ఆపరేటర్‌కు ఫోన్ చేసి లైన్ క్లియర్ అడుగుతాడు. ఆపరేటర్ ఆ లైనుకు కరెంటు ఆపి, రాసి పెట్టుకుంటాడు. పని అయి కిందికి దిగాక ఆ లైన్‌మనే స్వయంగా చెప్పాలి. ఇంకెవరు చెప్పినా, దేవుడు దిగొచ్చి చెప్పినా, కరెంటు ఇవ్వకూడదు. ఈ నియమం మా ఇంట్లో పసిపిల్లకు కూడా తెలుసు. నాకూ తెలుసు. తెలియదని బుకాయించను.

ఆ ఆపరేటర్ మాకు పరాయివాడు కాదు. మా ఆయన్ని అన్నా అని, నన్ను వదినా అని పిలిచేవాడు. మా ఇంటికొస్తే పచ్చిపులుసు అడిగి మరీ పోయించుకునేవాడు. కాస్త భయస్తుడు. పెద్ద గొంతుతో ఎవరైనా మాట్లాడితే చెమటలు పట్టేవి.

యాసంగి వరి పొట్టకొచ్చిన రోజులు. ఆ వేళ మోటార్లు ఒక్క పూట ఆగినా రైతులకు ప్రాణం పోయినట్టే ఉంటుంది. గాలికి చెట్టుకొమ్మ విరిగి తీగ మీద పడి, తీగను స్తంభానికి పట్టి ఉంచే పింగాణీ గిన్నె పగిలిందని మా ఆయన పొద్దున్నే వెళ్లాడు. మధ్యాహ్నం నేను స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని ఉండగా ఫోన్ చేశాడు.

"దిగారా?" అన్నాను.

"ఆల్రెడీ దిగిన. ఫోన్ల ఛార్జింగ్ ఖతమైతుంది. నువ్వు తిను" అన్నాడు.

వెనక గాలి. ఆ గాలి చప్పుడు నాకు కొత్త కాదు. ఫోన్ పెట్టేసి డబ్బా తెరిచాను.

తినడం అయ్యాక హెడ్మాస్టరు గారు వచ్చి, మార్కులు కంప్యూటర్లో ఎక్కించారా అని అడిగారు. "ఆల్రెడీ ఎక్కించాను సార్" అన్నాను. ఎక్కించలేదు. సాయంత్రం ఎక్కిద్దామనుకున్నాను. ఆయన తల ఊపి పక్కనే నిలబడి ఇంకేదో చెప్తుండగా మళ్లీ ఫోన్ మోగింది. ఆపరేటర్.

"వదినా, అన్న ఫోను స్విచాఫ్ వస్తుంది. గీడ రైతులు పరేషాన్ చేస్తున్నరు, గేటు కాడ ఇరవై మంది ఉన్నరు. అన్న దిగిండా, మీకేమన్న చెప్పిండా?"

హెడ్మాస్టరు గారు నా మాట ముగిసేదాకా ఆగారు. నాకు తొందరగా పెట్టేయాలనిపించింది.

"ఆల్రెడీ దిగారంట" అన్నాను.

"అచ్ఛా వదినా" అని పెట్టేశాడు.

అంతే. అరనిమిషం కూడా పట్టలేదు. హెడ్మాస్టరు గారితో మాట్లాడటం పూర్తిచేసి, సుద్దముక్క తీసుకుని మెట్లెక్కాను. నాలుగో మెట్టు మీద నా కాళ్లు ఆగిపోయాయి. నేను ఏమన్నానో అప్పుడు నా చెవులకు వినబడింది.

ఆయనకు చేశాను. స్విచాఫ్. ఆపరేటర్‌కు చేశాను. బిజీ. మళ్లీ చేశాను. బిజీ. పైనుంచి పిల్లలు అల్లరి చేస్తున్నారు, ఎవరో బల్ల మీద దరువేస్తున్నారు. ఎన్నిసార్లు చేశానో తెలియదు. తొందరలో ఒకసారి మా అమ్మకు పోయింది, కట్ చేశాను. చివరికి ఆపరేటర్ ఎత్తాడు.

"తమ్ముడూ, కరెంటు ఇవ్వకు. ఇంకా ఇవ్వలేదు కదా?"

"ఇచ్చేసిన గద వదినా. మీరు చెప్పంగనే ఇచ్చిన. ఇయ్యంగనే ట్రిప్ అయింది, లైను నిలుస్తలేదు. అదే సూస్తున్న."

లైను నిలవడం లేదంటే తీగ మీద ఏదో ఉందని. ఆ సంగతి లైన్‌మన్ భార్యగా నాకు తెలుసు, ఆపరేటర్‌గా అతనికి తెలుసు. గేటు దగ్గర రైతుల గొంతులు ఫోన్లో వినిపిస్తున్నాయి. అతను మెల్లగా అడిగాడు.

"వదినా. అన్న దిగిండు గద?"

ఫోన్ పట్టుకునే మెట్లు దిగి బడి గేటు వైపు పరుగెత్తాను.

ఆయన బతికాడు. చేతి పనిలో మా ఆయనంత జాగ్రత్త గల మనిషి ఆ సెక్షన్‌లో లేడు. ఎక్కగానే తీగలకు గొలుసు తగిలించి దాని కొస భూమికి దించుతాడు. పొరపాటున కరెంటు వచ్చినా గొలుసు వెంట భూమిలోకి పోతుంది. ఆ రోజూ తగిలించాడు. కరెంటు చాలావరకు భూమిలోకే పోయింది. కానీ ఆ గొలుసు పక్కనే ఆయన ఎడమ చెయ్యి ఉంది. మంట లేచి చెయ్యి కాలింది. బెల్టు ఉండబట్టి కింద పడలేదు. స్పృహ లేకుండా స్తంభానికి వేలాడుతుంటే, పొలాల్లో మోటార్ల దగ్గరున్న రైతులే నిచ్చెన వేసి దించారు. ఆటోలో సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయారు. రెండు వేళ్లు తీసేశారు. మూడోది ఉంది గానీ వంగదు.

దవాఖాన వరండాలో ఆపరేటర్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి దగ్గరికొచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"వేరే ఎవరన్న చెప్తే నేను ఇయ్యకపోదును వదినా. మనోళ్లు ఆల్రెడీ అంటే ఏందో నాకు ఎర్క లేదా? కానీ మీరు టీచరు గద. మీ మాట కరెక్టుగ ఉంటది అనుకున్న."

నేను పిల్లలకు నేర్పే అర్థం ఆ ఒక్కరోజు, ఆ ఒక్క మనిషి నమ్మాడు.

విచారణలో అతను నా పేరెత్తలేదు. తానే తొందరపడ్డానని రాసిచ్చాడు. కొన్ని నెలలు ఇంట్లో కూర్చోబెట్టారు, తర్వాత హాలియా దాటి ఎక్కడికో బదిలీ చేశారు. మా ఇంటికి మళ్లీ రాలేదు. నేనూ రమ్మనలేదు. ఏ ముఖం పెట్టుకుని రమ్మంటాను?

మా ఆయనకు ఆఫీసులో కుర్చీ పని ఇచ్చారు. స్తంభం ఎక్కే బాధ తప్పిందని బంధువులందరూ నన్ను ఓదార్చారు. నిజమే, ఇప్పుడు ఫోన్ కోసం ఎదురుచూడక్కర్లేదు. కానీ ఆయన పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే నేను వంటింట్లోంచి బయటికి రాను. సాయం చేస్తానంటే ఒప్పుకోడు. ఒక్కో గుండీకి ఎంతసేపు పడుతుందో గోడ ఇవతల నిలబడి వింటాను.

ఏడాదిన్నర ఇలా గడిపాను. లోపల కుళ్లిపోతున్నట్టుండేది. మొన్న ఒక సాయంత్రం ఇద్దరం గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. ఆయన కుడిచేత్తో ఒలుస్తూ, ఎడమచేతిని మోకాలి కింద దాచుకున్నాడు. నా ముందు కూడా దాచుకుంటాడు. నాకు ఆగలేదు. చెప్పేశాను. ఆ రోజు ఆపరేటర్ ఫోన్ చేసింది నాకేనని, దిగారని చెప్పింది నేనేనని.

ఆయన చేతిలో కాయ పక్కన పెట్టలేదు. ఒలవడం పూర్తిచేసి గింజలు గిన్నెలో వేశాడు.

"నాకు ఎర్కనే" అన్నాడు.

"ఆపరేటర్ తమ్ముడు చెప్పాడా?"

"వాడెందుకు చెప్తడు? ఆ దినం నేను దిగిన అని చెప్పింది నీకొక్కదానికే గద. ఇంకెవరి నుంచి పోతది ఆ మాట?"

నేను ఏడ్చాను. ఏడాదిన్నరగా ఆయన తెలిసీ నన్ను ఒక్క మాట అనలేదు. క్షమించమని అడగబోయాను. ఆయనే అడ్డుపడ్డాడు.

"నువ్వేడుస్తవ్ ఎందుకు? తప్పు నాది. పైన ఉండి దిగిన అన్న. పదకొండేండ్లు నీకు అబద్ధం చెప్పిన. దానికే పోయినయ్ ఈ వేళ్లు. నువ్వేం చేసినవ్? మొగడు చెప్పిండని నమ్మినవ్. నమ్ముడు తప్పా?"

కాలిన చేతిని మోకాలి కింది నుంచి తీసి, మొదటిసారి దాచకుండా నా భుజం మీద వేశాడు. ఆ మూడో వేలు వంగక నా మెడకు గుచ్చుకుంది.

నేను నమ్మలేదు. పదకొండేళ్లలో ఒక్కరోజు కూడా నమ్మలేదు. ఆ రోజు ఫోన్లో గాలి విన్నాను, ఆయన పైనే ఉన్నాడని తెలుసు. ఈ సంగతి మాత్రం ఆయనకు ఇంకా చెప్పలేదు.